కరిగిన ఉప్పు ఎటు పోయింది?

ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. జ్వరం బిళ్లలు, ఎప్పుడో వాడగా మిగిలిన దగ్గు మందు, సగం పిండిన ఆయింట్‌మెంటు ట్యూబు... వాటి మధ్య ఎక్కడో ఓ ఓఆర్‌ఎస్ పొట్లం ఉండే ఉంటుంది. లేకపోతే రేపే ఒకటి తెచ్చి పెట్టుకోండి. ఉంటే మాత్రం ఈ ఆదివారం పూట దాన్ని వెనక్కి తిప్పి చదవండి. మామూలుగా మనం అక్కడ గడువు తేదీ తప్ప ఇంకేమీ చూడం.

చాలా పొట్లాల మీద రెండు పట్టికలుంటాయి. మొదటిది కిరాణా కొట్టు చీటీలాంటిదే. లీటరు నీళ్లకు సోడియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పు 2.6 గ్రాములు. పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. గ్లూకోజు 13.5 గ్రాములు. అన్నీ కలిపితే 20.5 గ్రాములు. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

రెండో పట్టికతోనే చిక్కు. అందులో సోడియం 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10, గ్లూకోజు 75 అని ఉంటుంది. మొత్తం 245. పొట్లంలో పోసినవి నాలుగు సరుకులు కదా, ఇక్కడ అయిదు ఎలా తేలాయి? అదీగాక, ఉప్పులో సోడియం ఎన్ని ఉంటే క్లోరిన్ కూడా అన్నే ఉంటుందని పదో తరగతి పుస్తకం చెబుతుంది. మరి 75కీ 65కీ పొంతన ఏదీ? ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకిచ్చి కాసేపు తమాషా చూడండి.

అచ్చుతప్పేమీ కాదు. మొదటి పట్టిక పొట్లంలో పొడిగా ఉన్నప్పటి సంగతి. రెండోది నీళ్లలో కలిపాక ఉండే సంగతి. ఈ రెండింటి మధ్య జరిగేది చెంచాతో తిప్పినంతసేపటి పని. ఆ కాసేపట్లో గిన్నెలో ఏం జరుగుతుందో తేల్చడానికి మాత్రం శాస్త్రవేత్తలకు నలభై ఏళ్లు పట్టింది. వాంతులు, విరేచనాలతో వడలిపోయిన పసిబిడ్డ తేరుకోవడం కూడా ఆ గిన్నెలో జరిగేదాని మీదే ఆధారపడి ఉంటుంది.

నీళ్లు చేసే పని

ఉప్పు రవ్వలో సోడియం, క్లోరిన్ చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. పక్కకీ, పైకీ, కిందకీ అదే వరస. సోడియం తన దగ్గరున్న ఒక ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేసి ధనావేశంతో ఉంటుంది. పుచ్చుకున్న క్లోరిన్ రుణావేశంతో క్లోరైడ్ అనిపించుకుంటుంది. ఇలా విద్యుదావేశం ఉన్న రేణువులనే అయాన్లు అంటాం. ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి ఆ కట్టు చాలా గట్టిది. ఎంత గట్టిదంటే, పొడి ఉప్పుని నిప్పు మీద పెట్టి కరిగించాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అలాంటిది గ్లాసుడు చన్నీళ్లు అదే పనిని నిమిషంలో చేసేస్తాయి!

ఎలాగంటే, నీటి అణువుకు రెండు వైపులా ఒకే గుణం ఉండదు. ఆక్సిజన్ ఉన్న వైపు కొద్దిగా మైనస్, హైడ్రోజన్లున్న వైపు కొద్దిగా ప్లస్. ఉప్పు రవ్వ నీళ్లలో పడగానే నీటి అణువులు మూగి, సోడియం వైపు ఆక్సిజన్ని, క్లోరైడ్ వైపు హైడ్రోజన్ని తిప్పి పట్టుకుంటాయి. ఒక్కో సోడియం చుట్టూ అయిదారు నీటి అణువులు ఆనుకుని ఉంటాయి. నీళ్లు మధ్యలో చేరేసరికి ప్లస్సుకీ మైనస్సుకీ మధ్యనున్న లాగుడు దాదాపు 80వ వంతుకు పడిపోతుంది. ఇక కట్టు నిలవదు. నూనెకు ఈ గుణం లేదు. అందుకే ఆవకాయ జాడీలో పైన తేలిన నూనెలో ఉప్పు కరగదు, కింద ముక్కల ఊటలో కరుగుతుంది.

కరిగాక ఇక అక్కడ ఉప్పు అనే పదార్థం ఉండదు. సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు ఉంటాయి, అంతే. ఓఆర్‌ఎస్‌లో మూడు లవణాలు వేశాం కదా. ఈ సోడియం ఉప్పులోంచి వచ్చింది, ఆ సోడియం సిట్రేట్‌లోంచి వచ్చింది అని పోల్చుకోవడానికి ఏ ఆనవాలూ మిగలదు.

ఇప్పుడు పట్టిక చిక్కు దానంతటదే విడిపోతుంది. ఆ అంకెలు గ్రాములు కావు, మిల్లీమోల్స్. మోల్ అంటే డజను లాంటిదే, అణువుల్ని లెక్కపెట్టడానికి వాడే చాలా పెద్ద డజను. 2.6 గ్రాముల ఉప్పు నుంచి సుమారు 45 సోడియం, 45 క్లోరైడ్ వస్తాయి. పొటాషియం క్లోరైడ్ నుంచి 20 పొటాషియం, 20 క్లోరైడ్. సిట్రేట్ లవణంలో ఒక్కో సిట్రేట్‌కు మూడేసి సోడియంలు కాబట్టి 10 సిట్రేట్, 30 సోడియం. కూడండి. సోడియం 45, 30 కలిసి 75. క్లోరైడ్ 45, 20 కలిసి 65. సరిపోయింది కదా! ఆవేశం కూడా కూడి చూడండి. ప్లస్‌లు 75, 20 కలిసి 95. మైనస్‌లు క్లోరైడ్‌వి 65, ఒక్కో సిట్రేట్‌కు మూడు చొప్పున 30. అవీ 95. పోసినవాళ్లు కావాలని సరిపెట్టింది కాదిది. ఏ లవణం కలిపినా, ఎంత కలిపినా ప్లస్సులూ మైనస్సులూ చివరికి సమానంగానే ఉంటాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పనుంది.

ఆస్పత్రిలో 'సీరమ్ ఎలక్ట్రొలైట్స్' అని పరీక్ష రాస్తారు చూడండి, అందులో వచ్చే సోడియం, పొటాషియం, క్లోరైడ్ అంకెలు ఈ అయాన్లవే. నీళ్లలో కరిగి అయాన్లుగా విడిపోయి, కరెంటు ప్రవహించేందుకు వీలిచ్చే పదార్థమే ఎలక్ట్రొలైట్. మన పాఠ్యపుస్తకాల్లో విద్యుద్విశ్లేష్యం అన్నారు. పలకడానికే ఓ గుటక నీళ్లు తాగాలి కాబట్టి ఇక్కడ ఎలక్ట్రొలైట్ అనే అనుకుందాం.

అయాన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది మైఖేల్ ఫారడే, 1834లో. గ్రీకు భాషలో దానికి 'వెళ్లేది' అని అర్థం. పేరుకి వెళ్లేదే గానీ నడక మాత్రం నత్తనడక. నీళ్లలో ఒక సెంటీమీటరు దూరానికి ఒక వోల్టు చొప్పున కరెంటు పెడితే సోడియం అయాను గంటకు రెండు సెంటీమీటర్లు కూడా కదలదు. మరి స్విచ్చి వేయగానే కరెంటు ఎలా వస్తుందంటారా? ఉన్నవన్నీ ఒక్కసారే కదులుతాయి కాబట్టి.

ఈ నడకలో ఇంకో వింత ఉంది. లిథియం, సోడియం, పొటాషియం అయాన్లకు పందెం పెడితే ఏది గెలవాలి? అన్నిటికన్నా చిన్నది, తేలికైనది లిథియం కాబట్టి అదే గెలవాలి. గెలిచేది పొటాషియం! ఆఖరున వచ్చేది లిథియం. అయాను చిన్నదైతే దాని ఆవేశం ఇరుకు చోట గుమిగూడినట్టుంటుంది. అది నీటి అణువుల్ని మరింత గట్టిగా పట్టి లాగుతుంది. ఆ నీళ్ల మూటంతా మోసుకుంటూ నడవాలి మరి. సామాను తక్కువున్న పొటాషియం ముందు వెళ్లిపోతుంది.

చులకనైన థీసిస్

ఇప్పుడు ఇదంతా తేలిగ్గా చెప్పేసుకుంటున్నాం గానీ, 1884లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో స్వాంటే అర్హీనియస్ అనే పాతికేళ్ల యువకుడు ఇటువంటి ఆలోచనతోనే డాక్టరేటు థీసిస్ ఇస్తే పరీక్షకులు పెదవి విరిచారు. బొటాబొటీ మార్కులతో గట్టెక్కించారు. ఆ మార్కులతో అధ్యాపక ఉద్యోగం రావడం కూడా కష్టమే.

వాళ్ల అనుమానం కొట్టిపారేసేది కాదు. సోడియం లోహాన్ని నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది. క్లోరిన్ ఊపిరి ఆడనివ్వని విషవాయువు. ఉప్పునీళ్లలో ఈ రెండూ విడివిడిగా తిరుగుతున్నాయంటే ఎవరు నమ్ముతారు? ఆవేశం వచ్చి చేరాక అవి పాత సోడియం, పాత క్లోరిన్ కావన్నదే జవాబు. ఎలక్ట్రాన్ అంటే ఏమిటో ఇంకా తెలియని రోజుల్లో ఆ జవాబు ఎవరికీ మింగుడుపడలేదు.

అర్హీనియస్ తన థీసిస్ ప్రతుల్ని బయటి దేశాల పండితులకు పంపాడు. రీగా నుంచి విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ ఆ కుర్రాణ్ని చూడటానికి స్వయంగా ఉప్సాలా వచ్చాడు. దాంతో ఊళ్లో గౌరవం పెరిగింది. నెదర్లాండ్స్‌కు చెందిన వాంట్ హాఫ్ పరిశోధనలు కూడా కలిసొచ్చాయి. చక్కెర కలిపితే నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రత కొంత తగ్గుతుంది. అన్నే మోల్స్ ఉప్పు కలిపితే దాదాపు రెండింతలు తగ్గుతుంది. కాల్షియం క్లోరైడ్ అయితే దాదాపు మూడింతలు. ఒకటి వేస్తే రెండుగానో మూడుగానో విడిపోతే తప్ప ఇది కుదరదు కదా. అర్హీనియస్ తన సిద్ధాంతాన్ని పూర్తి రూపంలో 1887లో ప్రచురించాడు. 1903లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ పరీక్షకుల మొహాలు అప్పుడెలా ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు!

అయితే పైన 'దాదాపు' అన్నాం చూశారూ, అసలు గొడవంతా అక్కడుంది. ఉప్పు కొంచెమే కలిపినప్పుడు లెక్క సరిగ్గా రెండింతలకు దగ్గరగా వస్తుంది. ఉప్పు పెరిగేకొద్దీ రెండుకు తగ్గుతూ పోతుంది. కరెంటు ప్రవహించే తీరు కూడా అంతే. ఉప్పులో కొంత భాగమే అయాన్లుగా విడిపోతుందనీ, మిగిలింది జంటలుగానే ఉండిపోతుందనీ అర్హీనియస్ సర్దిచెప్పాడు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటి వాటికి ఆ మాట చక్కగా సరిపోయింది. ఉప్పు దగ్గర మాత్రం ఎంత సర్దినా కుదరలేదు.

కలకత్తా కుర్రాడి లెక్క

ఈ ముడి విప్పడంలో మన దేశపు చెయ్యి ఒకటుంది. పాఠాల్లో ఆ పేరు పెద్దగా వినపడదు. కలకత్తాలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ శిష్యుడు జ్ఞానచంద్ర ఘోష్. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్‌లకు సహాధ్యాయి. 1918లో, పాతికేళ్లయినా నిండకముందే, ఉప్పు లాంటి లవణాలు నీళ్లలో పూర్తిగా అయాన్లుగానే ఉంటాయని ఆయన వాదించాడు. విడిపోకపోవడం వల్ల కాదు, విడిపోయాక కూడా ఒకదాన్నొకటి లాక్కోవడం వల్లే లెక్క తగ్గుతోందన్నాడు. అంతవరకూ భేషైన మాట. ఆ లాగుడు ఎంతో కట్టడానికి మాత్రం అయాన్లు నీళ్లలో కూడా ఉప్పు రవ్వలో ఉన్నట్టే వరసగా పేర్చుకుని ఉంటాయని ఊహించాడు. అక్కడ దెబ్బతిన్నాడు. నీళ్లలో ఏదీ కుదురుగా ఉండదు. అన్నీ గిరగిరా తిరుగుతూ ఢీకొట్టుకుంటూనే ఉంటాయి.

ఘోష్ పరిశోధన మీద జ్యూరిచ్‌లో జరిగిన ఒక ఉపన్యాసాన్ని పీటర్ డిబై విన్నాడు. 1923లో డిబై, ఆయన సహాయకుడు ఎరిక్ హ్యూకెల్ కలిసి కొత్త సిద్ధాంతం ప్రచురించారు. తమ ఆలోచనకు ఆ ఉపన్యాసమే ప్రేరణ అని అందులోనే రాసుకున్నారు కూడా. వాళ్లు చెప్పింది ఇదీ: అయాన్లు వరసగా పేర్చుకునీ ఉండవు, పూర్తిగా చెల్లాచెదురుగానూ ఉండవు. ఏ క్షణంలో చూసినా ఒక సోడియం చుట్టుపక్కల సోడియంల కన్నా క్లోరైడ్‌లు కాస్త ఎక్కువగా ఉంటాయి. అవి ఎప్పుడూ ఒక్కటే కావు, వచ్చేవి వస్తుంటాయి, పోయేవి పోతుంటాయి. సరాసరిన మాత్రం ప్రతి ప్లస్ చుట్టూ ఒక మైనస్ మబ్బు, ప్రతి మైనస్ చుట్టూ ఒక ప్లస్ మబ్బు కమ్ముకుని ఉంటాయి. జాతరలో తప్పిపోకుండా అమ్మ చుట్టూ తిరిగే పిల్లల్లాగా అనుకోండి. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోలేదు, అయినా గుంపు గుంపుగానే ఉంటుంది.

ఈ మబ్బు రెండు పనులు చేస్తుంది. అయాన్ని వెనక్కి పట్టి లాగి దాని చురుకుదనం తగ్గిస్తుంది. దాని ఆవేశాన్ని దూరంగా ఉన్నవాటికి తెలియకుండా దాచేస్తుంది. నీళ్లలో లవణాలు ఎంత ఎక్కువైతే మబ్బు అంత దగ్గరగా బిగుసుకుంటుంది. ఓఆర్‌ఎస్ నీళ్లలో దాని మందం మిల్లీమీటరులో పది లక్షలో వంతు కూడా ఉండదు.

అలాగని డిబై మాటే ఆఖరి మాటా అంటే అదీ కాదు. 1925లో లార్స్ ఆన్సాగర్ అనే నార్వే యువకుడు, ఇరవై రెండేళ్లు ఇంకా నిండలేదు, నేరుగా డిబై గదిలోకి వెళ్లి మీ సిద్ధాంతం తప్పండీ అన్నాడు. అయాను కదిలే తీరును డిబై మరీ తిన్నగా ఊహించాడన్నది ఆ కుర్రాడి అభ్యంతరం. డిబై కసురుకోలేదు. కూర్చోబెట్టి విన్నాడు, తన దగ్గరే ఉద్యోగమూ ఇచ్చాడు. ఆన్సాగర్ ఆ సవరణ చేశాకే కరెంటు లెక్కలు కుదిరాయి. డిబైకి 1936లో, ఆన్సాగర్‌కి 1968లో నోబెల్ బహుమతులు వచ్చాయి. వేరే పరిశోధనల్ని కూడా లెక్కలోకి తీసుకుని ఇచ్చినవవి. ఘోష్ తర్వాతి కాలంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. ఖరగ్‌పూర్ ఐఐటీకి మొట్టమొదటి డైరెక్టరూ ఆయనే.

పటిక తిప్పిన బిందె

కంటికి కనపడని ఈ మబ్బుని పనిచేస్తుండగా చూడాలంటే గోదావరి వరద రోజుల్లో ఎర్రనీళ్లు చూడాలి. బిందెలో పట్టి ఉంచితే ఇసుక కాసేపటికి దిగుతుంది గానీ ఆ ఎరుపు రోజులు గడిచినా దిగదు. ఒండ్రులోని సన్నటి బంకమట్టి రేణువులన్నిటికీ మైనస్ ఆవేశం ఉంటుంది. అన్నీ ఒకటే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. మన పెద్దవాళ్లు అందులో పటిక ముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేసేవారు. కాసేపటికి మట్టంతా అడుగుకు దిగి నీళ్లు తేటపడేవి.

పటికలో ఉండేది అల్యూమినియం. దాని అయానుకు మూడు ప్లస్‌లు. అది మట్టిరేణువు చుట్టూ ఉన్న మబ్బును ఒక్కసారిగా బిగించేస్తుంది. నెట్టుడు తగ్గి రేణువులు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అల్యూమినియం నీళ్లతో కలిసి జిగురులాంటి పదార్థంగా మారి వాటిని పట్టుకుని కిందికి దించుతుంది కూడా. ఒక్క ప్లస్ ఉన్న సోడియంతోనూ ఈ పని అవుతుంది గానీ దానికి ఎన్నో వందల రెట్లు ఎక్కువ కావాలి. బిందెలో అంత ఉప్పు పోస్తే ఆ నీళ్లు తాగలేం.

అంత ఉప్పు ఉన్న చోటు ఒకటుంది, సముద్రం. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు. అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసేచోట నీటి వేగం తగ్గి ఒండ్రు దిగుతుందని చదువుకున్నాం. అది నిజమే. దాంతోపాటు, అన్ని వందల కిలోమీటర్లు తేలుతూ వచ్చిన సన్నమట్టి ఉప్పునీళ్లు తగలగానే ముద్దలు కట్టి కూర్చుంటుంది. కోనసీమ కొబ్బరితోటల కింది నేలలో ఈ అయాన్ల పనితనం కూడా కొంత ఉంది.

బన్‌గావ్ ఆస్పత్రిలో

ఇక పొట్లం దగ్గరికి వద్దాం. కలరా సోకినప్పుడు పేగుల్లో జరిగేది మొదట క్లోరైడ్‌కి సంబంధించిన గొడవ. ఆ క్రిమి వదిలే విషం వల్ల పేగు గోడల్లో క్లోరైడ్ వెళ్లే తలుపులు తెరుచుకుని అలాగే ఉండిపోతాయి. క్లోరైడ్ పేగులోకి పారిపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. మైనస్ ఒక్కటే పోలేదు, సరిసమానంగా ప్లస్ కూడా పోవాలి. కాబట్టి సోడియం దాని వెంట పోతుంది. రెండూ చేరినచోటికి నీళ్లు పోతాయి. గంటల్లో మనిషి లీటర్ల కొద్దీ నీరు పోగొట్టుకుని చచ్చిపోతాడు.

పోయిన నీటిని నోటితో తాగిస్తే సరిపోదా? ఉత్త నీళ్లు నిలవవు. ఉప్పునీళ్లు తాగించినా పేగు సోడియంను సరిగా పీల్చుకోదు. అయితే పేగు గోడలో ఇంకో తలుపుంది. అది సోడియం, గ్లూకోజు రెండూ కలిసివస్తేనే తెరుచుకుంటుంది. గ్లూకోజు ఒకటి, సోడియంలు రెండు చొప్పున లోపలికి తీసుకుంటుంది. ఇలా జంటగా వెళతాయని 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మన అదృష్టం ఏమిటంటే, కలరా విషం ఈ తలుపు జోలికి పోదు. దీని గుండా సోడియం లోపలికి వెళితే క్లోరైడ్, నీళ్లూ దాని వెంట వెనక్కి వస్తాయి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉన్నది నీరసం పోవడానికి కాదు, ఈ తలుపు తెరవడానికి. రెండో పట్టికలో సోడియం 75, గ్లూకోజు 75 అని సరిసమానంగా ఉన్నది అందుకే.

నోటితో పట్టించే ఇలాంటి ద్రావణాన్ని కలకత్తాలో డాక్టర్ హేమేంద్రనాథ్ చటర్జీ 1953లోనే కలరా రోగుల మీద వాడి 'లాన్సెట్' పత్రికలో రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఢాకాలో 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ పద్ధతిగా పరీక్షించి చూపారు. అయినా పెద్ద డాక్టర్లకు నమ్మకం కుదరలేదు. సెలైన్ సూది లేకుండా కలరా తగ్గడమేమిటని వాళ్ల సందేహం.

1971లో నమ్మక తప్పని పరిస్థితి వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్లోకి వచ్చారు. శిబిరాల్లో కలరా పుట్టింది. బన్‌గావ్ ఆస్పత్రిలో మంచాలు చాలక రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశాడు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల వంట ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. ఈ లెక్కన కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నాడు. అంతకుముందు శిబిరాల్లో నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతుంటే, ఆయన చూసినచోట ఆ సంఖ్య 3.6కు పడిపోయింది. 1978లో లాన్సెట్ సంపాదకీయం, ఇది ఆ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చని రాసింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. కాస్త ముందే ఇచ్చి ఉంటే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తుంది.

గ్లాసులో కలిపితే ఏమవుతుంది?

పాత పొట్లంలో మొత్తం లెక్క 311 ఉండేది. సోడియం 90, గ్లూకోజు 111. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 245కు తగ్గించింది. కారణం మాగాయ పెట్టే అమ్మమ్మలకు బాగా తెలుసు. మామిడి ముక్కల్లో ఉప్పు వేసి ఉంచితే మర్నాటికి ఊట ఊరుతుంది. కరిగిన రేణువులు ఎటువైపు ఎక్కువుంటే నీళ్లు అటు వెళతాయి. ముక్క బయట ఉప్పు ఎక్కువుంది కాబట్టి లోపలి నీరు బయటికొచ్చింది. పేగులోనూ ఇదే వరస. తాగిన ద్రావణం చిక్కగా ఉంటే ఒంట్లోని నీరే పేగులోకి ఊరుతుంది. కాస్త పలచన చేస్తే పిల్లలకు విరేచనాలు, వాంతులు తగ్గుతున్నాయని, సెలైన్ పెట్టే అవసరం కూడా తగ్గుతోందని పరీక్షల్లో తేలింది.

ఇప్పుడు ఒక లెక్క కట్టి చూడండి. లీటరుకు సరిపడే పొట్లాన్ని, పిల్లాడు అంత తాగలేడులే అని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపారనుకుందాం. అప్పుడు సోడియం అయిదింతలు, అంటే 375. రక్తంలో సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉంటుంది. ఇంత చిక్కటి నీళ్లు తాగిన పసివాడికి దాహం తీరకపోగా రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని పొట్లంలో సగం పోసి సగం దాచి, గ్లాసుకింత అని చేతి అందాజుతో కలిపినా లెక్క తప్పుతుంది. పొడిలో నాలుగూ సమంగా కలిసి ఉంటాయన్న భరోసా లేదు.

రుచి కోసం పండ్లరసమో, కూల్‌డ్రింకో, ఇంకో చెంచా చక్కెరో కలిపితే అదీ ఇబ్బందే. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు వంద గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, సోడియం నామమాత్రం. తలుపు తెరిచే జంట కుదరదు సరికదా, మాగాయ ఊట కథ మొదలవుతుంది. చక్కెర పాళ్లు ఎక్కువ, సోడియం తక్కువ ఉన్న పానీయాలు కొన్ని ఓఆర్‌ఎస్ అనే మాటను పేరులో తగిలించుకుని మందుల షాపుల్లోనే చాలాకాలం అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు, కోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అలాంటి పానీయాల పేర్లలో ఆ మూడక్షరాలు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు పేరు కాదు, వెనక పట్టిక చూడండి. 75, 65, 20, 10, 75. ఈ అయిదు అంకెలు గానీ, పైన చెప్పిన గ్రాముల లెక్క గానీ కనపడితే అదే అసలుది.

పొట్లం లీటరుదా, 200 మిల్లీలీటర్లదా అన్నది ముందు చదవాలి. కాచి చల్లార్చిన నీళ్లు అంతే కొలిచి పోసి, పొట్లం మొత్తం ఒకేసారి వేసి కలపాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన పదేళ్ల దాకా 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టర్లు జింకు బిళ్లలు కూడా రాస్తారు, విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వేయాలి. పొట్లం చేతికందేలోగా ఉప్పు వేసిన గంజి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ ఇవ్వొచ్చు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా పొట్లంతో కాలక్షేపం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కలిపిన నీళ్లకు మూత పెట్టి ఉంచి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తవి కలుపుకోవాలి.